ఎర కాకి

శుక్రవారం వచ్చిందంటే మేం దుబాయ్ అల్ నహ్దా గదిల ఉండేటోళ్లం కాదు. నేను సద్ది కట్టేది, మా ఆయన మల్లేశ్ పికప్ తీసేది. మా బిడ్డ వైదేహిని మధ్యల కూసోబెట్టుకొని, అల్ ధైద్ దాటి, మా అన్న భోజన్న పనిచేసే తోటకు పోయేది. దుబాయ్‌ల ఉన్నోళ్లు సెలవు దొరికితే మాల్‌కు పోతరు, బీచ్‌కు పోతరు. మేం కాకులను, పావురాలను కొట్టపోయేటోళ్లం. నవ్వుకుంటే నవ్వుకోండ్రి, మాకు అదే సంబరం.

మా అన్నది ఊర్ల జొన్నచేన్ల మంచె మీద ఒడిసెల తిప్పిన చెయ్యి. ఇక్కడ తోట యజమాని, కఫీల్, ఆయనకు ఎయిర్ గన్ ఇచ్చిండు. పావురాలు మేకల దాణా బుక్కుతయి, కాకులు కోడిపిల్లలను ఎత్తుకపోతయి, రెండింటినీ ఖలాస్ చెయ్యమన్నడు. పావురాలను కొట్టుడు తేలిక. దాణా కాడ వాలితే పక్కది కూలినా లేవనే లేవయి. వాటిని నేను అక్కడనే కారంపెట్టి వండేదాన్ని.

కాకి అట్ల కాదు. తుపాకి పట్టిన మనిషిని దూరంకెళ్లే గుర్తుపడ్తది. అందుకని మా అన్న ఎర కాకిని కట్టేసేది. రెక్క విరిగిన కాకిని ఒకదాన్ని సంపకుండ ఉంచి, దాని ఎడమ కాలికి పచ్చ నైలాన్ దారం ముడేసి, రేకుల షెడ్డు ముందట మేకుకు కట్టేది. అది అరుస్తుంటే దాని వాళ్లే ఎగురుకుంట వచ్చేది. అన్న, మా ఆయన షెడ్డు సాటుకు కూసోని వచ్చినదాన్ని వచ్చినట్టు కొట్టేటోళ్లు. సచ్చినవాటిని కోళ్లగూడు కంచెకు తలకిందులు వేలాడగట్టేది.

నాకు ఆ అరుపు సయించకపోయేది. తన వాళ్లను తనతోనే పిలిపిచ్చి సంపిచ్చుడు ఏం న్యాయం అని ఒకసారి అన్నను అడిగిన. దానికేం తెలుసు చెల్లె, ఆకలైతది, అరుస్తది, అంతే అన్నడు. ఏడాది తిరిగేసరికి ఆ తోట మీద కాకి అనేదే లేకుండ పోయింది. ఆ రెక్క విరిగినది ఒక్కటే మిగిలింది. దానికి ఎంగిలి బువ్వ ఏసి సాకుతుండె.

ఇరవై ఒకటిల, కరోనా రెండోసారి ఊర్ల మీద పడ్డప్పుడు మమ్ములను కన్న అవ్వ చంద్రవ్వ పోయింది. విమానాలు బందు. పెద్దకొడుకు బతికుండంగనే కొరివి మా చిన్నాయిన పెట్టిండు. అన్న దాన్ని ఫోన్ల చూసిండు. మూడోనాడు ఊర్ల పిట్టకు పెడితే కాకి ముట్టలేదు. మాలో కాకి ముట్టకపోతే సచ్చినోళ్ల పాణం ఏదో కోరికకు తట్టుకొని ఉన్నదని అర్థం. ఇగ వాళ్లు ఎటూ పోలేరు. దినాం పెట్టి చూసిండ్రు, దినాం అంతే. పెద్దకొడుకు చేత్తోని పెట్టందే ముట్టేటట్టు లేదని చిన్నాయిన ఫోన్ల ఏడ్చిండు.

అన్న ఆడనే, తోటలనే పెట్టుడు మొదలుపెట్టిండు. కాకి ముట్టేదాక నేను మెతుకు ముట్ట అని ఒట్టు పెట్టుకున్నడు. ఆయనకు షుగరున్నది. ఫోన్ల ఆయన గొంతు దినాం ఇంత సన్నగైతుంటే నాకు కాలు చెయ్యి ఆడలే. అవ్వ పోయిన దుఃఖం పక్కకు పోయి, అన్న పోతడేమో అన్న బుగులు పట్టుకున్నది.

ఆ శుక్రవారం పొద్దుగాల్నే పోయినం. అన్న గేటుకాడికి వచ్చిండు గని గేటు పట్టుకొని నిలవడ్డడు. కండ్లు లోపలికి పోయినయి. నేను అవ్వకు ఇష్టమని సర్వపిండి, ఎండుచాపల కూర, బువ్వ వండుకపోయిన. మా ఆయన ముందుగాల్ల కంచెకున్న సచ్చిన కాకులన్నిటినీ కత్తిరిచ్చి ఇసుకల పూడ్చిపెట్టిండు. వాటిని చూస్తే బతికున్న కాకి ఏడ వస్తదని.

అన్న తానం చేసి అరిటాకు పరిచిండు. బువ్వ ముద్దలు చేసి, కూర పోసి, నీళ్లు తిప్పి దండం పెట్టిండు. ఆకాశం దిక్కు చూసుకుంట షెడ్డు నీడకు కూసున్నం. ఒక్క కాకి రాలేదు. ఎండ ముదిరింది. చాపల వాసనకు ఈగలన్న వాలాలె, అవి గూడ వాలలేదు. నేను అది అప్పుడు పట్టించుకోలేదు.

ఇట్ల కాదన్నడు మా ఆయన. ఎర కాకి ఉన్నది కదా, అది మాత్రం కాకి కాదా, అది ముట్టినా ముట్టినట్టే అన్నడు. నాకు మనసొప్పలేదు. కట్టేసినదానితోని ముట్టిచ్చుడేంది, అది అవ్వ వచ్చినట్టెట్ల అయితది అన్న. ముందుగాల్ల మీ అన్న బతకాలె గదా అన్నడు. నేను పక్కకు జరిగిన.

కాకిని దారంతోనే పట్టుకొచ్చి ఆకు ముందట మేకు దిగ్గొట్టి కట్టిండు. ఎన్నడూ ఎంగిలి మెతుకులకు కొట్లాడే కాకి అది. ఆ దినం ముద్ద దిక్కు చూసి ఎనుకకు జరిగింది. మా ఆయన దాని మెడ పట్టి ముక్కు బువ్వల ఒత్తిండు. మెతుకులు ముక్కుకు అంటినయి, అది తల ఇదిలిచ్చింది. తినలే.

అప్పుడు మాటలిచ్చుడు మొదలుపెట్టినం. కాకి ముట్టకుంటే సచ్చినోళ్లకు మాటియ్యాలె గద. అన్నను నేను చూసుకుంట అవ్వా, అని నేనన్న. ఇగ తుపాకి పట్ట అని అన్న అన్నడు. మా ఆయన గూడ ఏదో మొక్కిండు. కాకి ఇంకింత దూరం జరిగి, దారం బిర్రుగైనదాక గుంజుకొని, అరుసుడు పెట్టింది.

అన్న మోకాళ్ల మీద కూలవడ్డడు. పెదవులు పగిలి నెత్తురు కారుతున్నది. ఇసుకల రెండు చేతులు ఆనిచ్చి, అవ్వ పేరెత్తకుండ, ఇంటిపేరెత్తకుండ, ఏడ్చుకుంట ఒక్కటే మాటన్నడు.

"ఎవలకు ఆకలైతున్నదో... వాళ్లే వచ్చి తినుండ్రి."

పిట్టకు పెట్టినప్పుడు పేరు చెప్పి పిలుస్తరు. పేరు చెప్పకుండ ఎవ్వలూ పిలువరు. గని ఆ మాట నోట్లకెళ్లి దాటిపోయింది.

పెట్టినోళ్లు చూస్తుంటే పిట్ట రాదని షెడ్డు ఎనుకకు పోయి, వీపులు తిప్పి కూసున్నం. వైదేహి నా ఒడిల పండుకున్నది. నడి మధ్యాహ్నం. నీళ్ల మోటారు గూడ బందున్నది. షెడ్డు అవతల కాకి అరుస్తనే ఉన్నది.

అరుసుడు ఆగింది.

ఒక్కసారిగ... సగం అరుపుల ఆగింది.

తర్వాత చప్పుడొచ్చింది. ముక్కుతోని పొడిచిన చప్పుడు కాదు. బువ్వ పిసికే చప్పుడు. మెల్లగ, తీరిగ్గ... ముద్ద కట్టే చప్పుడు. మింగే చప్పుడు. నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన మొఖం తెల్లవడ్డది. అన్న ఒక్కడే కండ్లు మూసుకొని నవ్వుతున్నడు.

"తింటున్నది చెల్లె" అని గుసగుసగ అన్నడు. "అవ్వ తింటున్నది."

ఆఖరికి ఏళ్లు నాకిన చప్పుడు ఇనవడ్డది. ఒక్కొక్క ఏలు.

చప్పుడు సద్దుమణిగినంక ఎప్పటికో లేచి పోయినం. ఆకు కడిగినట్టు ఉన్నది. కూర పోసిన కాడ నూనెల నాలుగు గీతలు ఉన్నయి, ఏళ్లతోని ఊడ్సినట్టు. కాకి లేదు. ఈక లేదు, నెత్తురు లేదు. పచ్చ దారం గూడ లేదు. ఉత్త మేకు నిలవడున్నది. చుట్టూ ఇసుక మీద మా అడుగులు తప్ప ఏ అడుగూ లేదు.

అన్న అవేవీ చూడలేదు. ముట్టింది, ముట్టింది అని పసిపిల్లగాని తీరుగ ఏడ్చిండు. ఆయన గదిల చాప ఏసి బువ్వ పెట్టిన. తింటుంటే నాకు పాణం లేచొచ్చింది. ఏదైతే ఏంది, అన్న బతికిండు అనుకున్న. ఏ పిల్లో కుక్కో వచ్చి ఉంటదని మనసుకు సర్ది చెప్పుకున్న.

అప్పుడు చిన్నాయిన ఫోనొచ్చింది. పొద్దటికెళ్లి చేస్తున్న, మీ ఫోన్లు కలుస్తలేవు అన్నడు.

"బిడ్డా, తెల్లారంగ ఈడ కాకి ముట్టింది. మొత్తం తినిపోయింది. మీ అవ్వ సల్లగ పోయింది. భోజన్నను తినమని చెప్పు."

అవ్వ తెల్లారంగనే పోయింది. మరి మధ్యాహ్నం మేం పిలిస్తే వచ్చింది ఎవలు?

అన్నకు చెప్పుదామని తిరిగిన. ఆయన తల ఎత్తుతలేడు. మా నలుగురికి తెచ్చిన బువ్వ గిన్నె మొత్తం ముందటికి గుంజుకున్నడు. తింటున్నడు... తింటనే ఉన్నడు. అన్నా అని పిలిచిన. పలుకలే. లుంగీ పక్కకు జరిగి ఎడమ కాలు కనవడ్డది.

చీలమండకు పచ్చ దారం ఉన్నది.

చర్మంల దిగిపోయేటంత బిర్రుగ ముడేసి ఉన్నది. ఎవలు కట్టిండ్రన్నా అని అడిగిన. ఇంకింత పెట్టు అన్నడు. నేను బిడ్డను సంకలేసుకొని పికప్ కాడికి ఉరికిన. మా ఆయన ఎనుకనే వచ్చిండు. అన్న గేటుదాక వచ్చిండు, గేటు దాటలేదు. దాటబోయి ఆగిండు, ఎడమ కాలు ఎనుకకు గుంజినట్టయి.

ఎవలికి చెప్పినా ఏమంటరు? మా ఆయనకు దారం కనవడనే లేదట. ఉపాసానికి మతి చెడ్డది, దవాఖానల చూపిద్దాం అన్నడు. పోదాం పోదాం అనుకుంటనే వారం గడిచింది. ఆ వారమంతా అన్న ఫోన్ చేస్తనే ఉన్నడు. ఎన్నడూ వారానికొక్కసారి చేసే మనిషి పూటకోసారి చేస్తున్నడు. బాగున్నవా అని అడగడు. అడిగినదానికి జవాబియ్యడు. ఒక్కటే మాట.

"రాండ్రి చెల్లె. బిడ్డను గూడ తోలుకరాండ్రి. ఆకలైతున్నది."

ఆ మాట ఎనుక ఎవలో మెల్లగ ఏళ్లు నాకుతున్న చప్పుడు.

ఇయ్యాల మళ్ల శుక్రవారం. పొద్దుగాల్నే ఫోన్ మోగితే బంద్ చేసి, బియ్యం డబ్బల అడుగున పెట్టి మూతేసిన. పికప్ తాళాలు కొంగుకు ముడేసుకున్న. అన్న నా కండ్ల ముందట మెదులుతున్నడు, ఏడుపు ఆగుతలేదు. ఆయనను ఇడిసిపెట్టి ఉండుడు నాకు మాత్రం తేలికనా? గని పోను. మా బిడ్డను ఆ తోటకు తోలుకపోను.

వంటింట్లకెళ్లి తిరిగి చూసేసరికి వైదేహి చెప్పులేసుకొని తలుపుకాడ నిలవడ్డది. మా ఆయన తాళాలకోసం ఎతుకుతున్నడు. ఇద్దరి తలలు కిటికీ దిక్కు, ఒక్క తీరుగ వంగి ఉన్నయి.

"మామ పిలుస్తుండు" అన్నది బిడ్డ.

ఫోన్ బియ్యంలనే ఉన్నది. మూత గట్టిగ ఉన్నది. పిచ్చిదానా, ఎవలు పిలుస్తలేరు అందామని నోరు తెరిచిన.

అప్పుడు నాకు గూడ ఇనవడ్డది. కొంగు ముడి నా చేతులే ఇప్పుతున్నయి.