నాలుగో పేరు

పెత్రమాస నాడు, పెద్దల అమావాస్యకు, ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పెద్దల పేరు మీద పంతులుకు బియ్యం, కూరగాయలు ఇచ్చి, మధ్యాహ్నం మిద్దె మీద కాకికి గారె ముక్క పెట్టాక, సాయంత్రం దీపం ముట్టించి, ఇంట్లోకి కొత్తగా వచ్చినవన్నీ గోడ మీది ఫోటోలకు చెప్పుకోవాలి. కొత్త బర్రె వచ్చినా సరే, కొత్త బీరువా వచ్చినా సరే. బీరువా తాళంచెవి ఏ మూలన దాచిందీ కూడా చెప్పాలి.

"పెద్దలకు తెల్వని తాళం ఇంట్ల ఉండొద్దు చెల్లె" అని అమలకు ఈ పద్ధతి నేర్పింది తోడికోడలు లలితమ్మ. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆమె కూడా అదే గోడ మీద, బంతిపూల దండలో ఉంది.

ఈసారి ఇంట్లోకి వచ్చిన కొత్త వస్తువు జానెడంత నల్ల డబ్బా. దానికి రెండు కొమ్ములు, నాలుగు పచ్చ దీపాలు. తీగ లేకుండా ఇల్లంతా నెట్ పంచుతుంది. పెట్టిన రోజు నుంచీ దానికి తాళం లేదు. పురానాపూల్ గల్లీలో పోయేవాళ్ళంతా వీళ్ళ అరుగు మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటే, చివరికి అమల తమ్ముడు సాయికుమార్ వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేయడం అతని పని.

"తలుపులు బార్లా తీసి పండుకున్నట్టే అక్కా నీ కథ" అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చుంటూ. "గాలిల పోయే మాట ఎవడైన వింటడు. ఇగ నేను ఎన్‌క్రిప్షన్ పెడుతున్న. నీ మాటలన్ని మూట కట్టి పంపుతది. పాస్‌వర్డ్ ఉన్నోళ్ళే మూట విప్పుకుంటరు. ఎవ్వరు ఊహించనిది ఒకటి చెప్పు."

అమల ఆలోచించింది. ఆ ఇంటి సంగతులన్నీ ఆమె దగ్గరే ఉంటాయి. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరి తొట్టెల పండుగలో ఎవరు అలిగారో, అన్నీ. "గంగి, పందొమ్మిదివందల ఎనభై ఏడు" అంది.

"గంగి ఎవరు?"

"మా మామ కొన్న మొదటి బర్రె."

సాయి కడుపు పట్టుకుని నవ్వాడు. "బర్రె పేరు మీద తాళమా! మంచిగున్నది. దొంగ నా కొడుకు చచ్చినా కనుక్కోడు." టకటకా కొట్టేసి తెర చూపించాడు. "చూడు, నెట్‌కు అతుక్కున్నయి ఇవే. కంప్యూటర్, నీ ఫోన్, స్వీటీ ట్యాబ్. మూడు. నాలుగోది కనిపిస్తే ఎవడో దూరినట్టు. ఎవ్వరికి చెప్పకు, ఫికర్ లేకుంట ఉండు."

నాలుగు గారెలు తిని, చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో ఇంకో పని ఉందని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలింది. భర్త నందు పాలు పోయడానికి పోయాడు. గల్లీ ఆడవాళ్ళంతా ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుని వెళ్ళారు. దూరం నుంచి చప్పట్లు వినబడుతున్నాయి. లోపలి గదిలో అమల కూతురు, తొమ్మిదేళ్ళ స్వీటీ, ట్యాబ్‌లో హోంవర్క్ చేసుకుంటోంది. వెనక కొట్టంలో బర్రెలు నెమరేస్తున్న చప్పుడు, సాంబ్రాణి పొగ, తడి పేడ వాసన. రోజూ ఉండే సాయంత్రమే.

అమల దీపం ముట్టించి, చెంగు తల మీద కప్పుకుని ఫోటోల ముందు నిలబడింది. ఎవ్వరికీ చెప్పొద్దన్న తమ్ముడి మాట గుర్తుకొచ్చింది. అయితే దేవుడికి, పెద్దలకు చెప్పడం బయటివాళ్ళకు చెప్పినట్టు ఎట్లా అవుతుంది? అత్తకు, మామకు, బావగారికి చెప్పి, లలితమ్మ ముందు ఇంకాసేపు ఆగింది.

లలితమ్మకు పిల్లలు లేరు. బావగారు పోయాక, స్వీటీ పుట్టిన ఏడాది, పిల్లను తనకు దత్తత ఇమ్మని అడిగింది. అమల మొదటిసారీ చివరిసారీ ఆమె మాట కాదంది. లలితమ్మ కోపం చేయలేదు. ఇదే దీపం మీద చేయి చాపి, "దీపం సాక్షి చెల్లె, నీ బిడ్డను నీ దగ్గరి నుంచి గుంజుకోను" అంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. అందుకే అమల ఆమెకు రోజూ దండ మారుస్తుంది, రోజూ ఏదో ఒకటి చెబుతుంది.

"అక్కా, కొత్త తాళం పెట్టినం. గంగి, ఎనభై ఏడు" అని గుసగుసగా చెప్పి దండం పెట్టుకుంది.

టక్.

అడకత్తెరతో వక్క కత్తిరించినట్టు. లలితమ్మ బతికుండగా పొద్దుగూకితే అదే చప్పుడు... అమల చుట్టూ చూసింది. కిటికీ రెక్క అయ్యుంటుందిలే అనుకుంది.

కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత ఫోటోలన్నీ ఒక్కొక్కటే అందులోకి ఎక్కించి, ఇంట్లోవాళ్ళంతా చూసుకునేలా పెట్టడం ఆమె ఆర్నెల్లుగా చేస్తున్న పని. స్వీటీ తొట్టెల ఫోటో తెరిచింది.



ఫోటోలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది లలితమ్మ. అమల ఎక్కడో అంచున, తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

లేచి ట్రంకుపెట్టె తెరిచి కాగితం ఫోటో తీసింది. అందులో పిల్ల తన ఒళ్ళోనే ఉంది. మళ్ళీ తెర చూసింది. లలితమ్మ ఒళ్ళో. తరువాతి ఫోటో, అన్నప్రాసన. లలితమ్మ ఒళ్ళో. ఇంకోటి తెరిచింది... బడికి పోయిన మొదటి రోజు. స్వీటీ వేలు పట్టుకున్న చేతికి తన గాజులు లేవు.

తమ్ముడికి ఫోన్ చేసింది.

"తమ్మీ... ఎవరో దూరినట్టున్నరు."

"ఆ లిస్టు తెరువు. ఎన్ని ఉన్నయి?"

"నాలుగు."

"నాలుగోదాని పేరేంది?"

అమల చదివింది. మళ్ళీ చదివింది. "స్వీటీ అమ్మ... అని ఉన్నది."

అతను నవ్వాడు. "అది నువ్వే కదనే!"

"కాదు తమ్మీ. నా ఫోన్ పేరు అమల. అది పైన ఉన్నది."

అవతల గాజుల దుకాణం లొల్లి దూరమైంది, అతను బయటికి వచ్చినట్టున్నాడు. "పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవా?"

"ఎవ్వరికి చెప్పలే. పెద్దలకు తప్ప."

ఆ మాట అన్నాక గాని ఆమె తల ఫోటోల గోడవైపు తిరగలేదు.

సాయి గొంతు తగ్గించి, పాస్‌వర్డ్ ఎట్లా మార్చాలో ఒక్కొక్క మెట్టూ చెప్పాడు. ఈసారి అమల పెట్టింది ఏ జ్ఞాపకమూ లేని అంకెలు, అక్షరాలు. మార్చగానే అన్నిటికీ నెట్ తెగిపోయింది. కంప్యూటర్‌లో, తన ఫోన్‌లో కొత్తది కొట్టింది. లోపలికి పోయి స్వీటీ చెవిలో నెమ్మదిగా చెప్పి, ట్యాబ్‌లో కొట్టించింది. "ఎవ్వరికి చెప్పొద్దు బిడ్డా" అంది. పిల్ల తలూపింది.

తరువాత గోడ దగ్గరికి వెళ్ళి, లలితమ్మ ఫోటోను గోడవైపు తిప్పింది. ఏడుపు పొంగుకొచ్చింది. "దీపం మీద చెయ్యి పెట్టినవు గదక్కా" అంది. "దండ మారిస్తి. నీ తద్దినం నా చేత్తోని పెట్టిస్తి. నాతోనే గిట్ల జేస్తవా?"

లిస్టు చూసింది. మూడు.

మళ్ళీ చూసింది. మూడే. దేవుడా అనుకుంటూ కళ్ళు మూసుకుంది. బతుకమ్మ చప్పట్లు ఆగిపోయాయి. కొట్టంలో బర్రెలు నెమరేయడం కూడా ఆపేశాయి.

టక్... టక్...

గదిలో లవంగం వాసన. లలితమ్మ పాన్‌లో వేసుకునే లవంగం.

ఒళ్ళోని ఫోన్‌లో నెట్ పోయింది. తెర మీద కంప్యూటర్ కూడా పాస్‌వర్డ్ అడుగుతోంది. కొట్టింది. తప్పు అంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మళ్ళీ కొట్టింది. తప్పు.

డబ్బా మీద నాలుగు పచ్చ దీపాలూ నిమ్మళంగా వెలుగుతున్నాయి. నెట్ ఉంది. ఆమెకే లేదు.

"స్వీటీ..."

లోపలి గదిలో లేదు. గోడ ముందు ఉంది. చేతిలో ట్యాబ్, అందులో ఏదో బొమ్మ హాయిగా ఆడుతోంది. ఫోటో మళ్ళీ ఇటువైపు తిరిగి ఉంది. పిల్ల మునివేళ్ళ మీద నిలబడి దండ సర్దుతోంది.

"కొత్త తాళం చెప్పినవా బిడ్డా... గోడకు?"

"పెద్దలకు తెల్వని తాళం ఇంట్ల ఉండొద్దు గద."

"నాకు నెట్ వస్తలేదు. నీకెట్ల వస్తున్నది?"

"అమ్మ మార్చింది."

అమల గోడకు ఆనుకుంది. "నేను... మార్చినదాన్నే కొడుతున్న బిడ్డా. వస్తలేదు. కొత్తది ఏందో జర చెప్పు."

స్వీటీ వెనక్కి తిరిగింది. ఎదుటనున్నది ఎవరో కాస్త దూరపు చుట్టమన్నట్టు, మర్యాదగా నవ్వింది.

"నీకు చెప్పొద్దన్నది మా అమ్మ" అంది. "ఏమనుకోకు, చిన్నమ్మా."