మూడో ఆదివారం

బాంబెర్గ్ వీధుల్లో క్రిస్మస్ సంత హోరెత్తుతోంది. బూట్ల మంచైనా దులుపుకోకుండా రోస్విత డిటెక్టివ్ లెన్స్ గదిలోకి వచ్చి పడింది. పండక్కి అక్క దగ్గరుందామని పల్లెనుంచి రైలెక్కింది పాపం. దిగేసరికి అక్క శవమై ఉంది.

"నిద్రలోనే పోయిందంటున్నారు. మరి గోళ్లెందుకు విరిగాయండీ? అక్క బాధపడిందా? అదొక్కటి చెప్పండి చాలు!"

లెన్స్ కోటు తొడుక్కున్నాడు. సహాయకురాలు హెడ్విగ్ వెనకే పరుగెత్తింది. ఆయన దగ్గర పనికి చేరి ఎనిమిదేళ్లయినా ఆయన నడక ఆమెకి అందదు.

అక్క ఓర్త్రూడ్ ఇంట్లో మేనల్లుడు డెట్లెఫ్ ఉన్నాడు. ఏడుపు మాత్రం బాగానే ఏడుస్తున్నాడు. బల్ల మీద దేవదారు కొమ్మల దండ, అందులో నాలుగు ఎర్ర కొవ్వొత్తులు. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటి వారం ఒకటి, రెండో వారం రెండు, అలా వారానికొకటి పెంచుతూ వెలిగిస్తారు.

"ఆదివారం చీకటి పడగానే అత్తా నేనూ కొవ్వొత్తులు వెలిగించాం. ఎనిమిదింటికి పడుకుందండీ. పొద్దున చూస్తే మంచంలోనే..."

"ఎన్ని వెలిగించారు?" అన్నాడు లెన్స్.

"అదేం ప్రశ్నండీ! మూడో ఆదివారం మూడేగా. చంటిపిల్లాణ్ణడిగినా చెబుతాడు."

హెడ్విగ్ పొరుగింటి ముసలావిడ్ని తీసుకొచ్చింది.

"ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వీడి కేకలు విన్నాను నాయనా. ఇల్లమ్మమని పోరు, ఎప్పుడూ ఉండేదే. సాయంత్రం మాత్రం ఆ కిటికీలో వెలుగు లేదు."

లెన్స్ అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు.

"మొదటి కొవ్వొత్తి బాగా కరిగింది, రెండోది కొంచెం. మూడోదాని వత్తి చూడండి, ఇంకా తెల్లగానే ఉంది. అంటే చీకటి పడేసరికే ఆవిడ లేవలేని స్థితిలో ఉంది. హాల్లో నేల మీద ఫోన్ వైపు గోటి గీతలున్నాయి. నువ్వు తోశావు డెట్లెఫ్. పడిపోతే తలుపేసుకుని వెళ్లిపోయావు. పొద్దున వచ్చి మంచం మీదికి చేర్చావు."

డెట్లెఫ్ మొహం పాలిపోయింది. "చచ్చిపోతుందనుకోలేదండీ! కాసేపటికి లేస్తుందిలే అనుకున్నా..."

లెన్స్ ఇలా చిక్కుముడి విప్పినప్పుడల్లా హెడ్విగ్‌కి చప్పట్లు కొట్టాలనిపించేది. ఇవాళ తలెత్తి రోస్విత వంక చూడలేకపోయింది.

"అయితే సాయంత్రం ఆరింటికి బతికే ఉందా?" అంది రోస్విత.

"చెప్పలేనమ్మా. ఉండి ఉండొచ్చు."

"ఆరింటికి నేను ఫోన్ చేశానండీ. చాలాసేపు మోగింది. చర్చికెళ్లి ఉంటుందిలే అని పెట్టేశాను."