ఠాణా విన్న క్యాసెట్టు

"కళ్ళు లేవా? గణపతి తొండం మీద కాలేసినవ్!"

ధూల్‌పేట్ గల్లీలో అప్పుడే వాన వెలిసింది. సక్కుబాయి అరుపుకు అమరనాథ్ అదిరిపడి వెనక్కి జరిగాడు. ఈసారి చెవి విరిగింది.

"గణపతులకేనా కళ్ళు పెట్టుడు? నాకు గూడ రెండు పెట్టరాదు," అన్నాడు.

ఆమెకు కోపంలోనే నవ్వొచ్చింది.

అతను టేప్ రికార్డర్లు రిపేరు చేసేవాడు. విగ్రహాలకు రంగులు వేసే సక్కుబాయికి చదువు రాదు. ఆ వానాకాలమంతా అతనికి ఆ గల్లీలోనే ఏదో పని పడేది. ఒకరోజు ఆమె చేతిలో క్యాసెట్టు పెట్టాడు.

"ఉత్తరం రాస్తే ఇంకెవలో చదివి చెప్పాలె. గిది ఒక్కదానివే విను. విని జవాబు చెప్పు."

"ఏముంది గిండ్ల?"

"గది నోటితో చెప్పొస్తే క్యాసెట్టెందుకు?"

టేప్ రికార్డరున్నది పక్కింటి రాధాబాయి దగ్గరే. వాళ్ళు ఆదివారం పెళ్ళికి పోతారు. అప్పుడు వాళ్ళింట్లో ఒక్కతే వినొచ్చని, అంతదాకా క్యాసెట్టును చీరల పెట్టెలో దాచింది.

శుక్రవారం పోలీసులు వచ్చారు. మిల్లు సమ్మెలో ఉపన్యాసాలు రికార్డు చేశాడని అమరనాథ్‌ను పొద్దునే పట్టుకుపోయారట. అతనిచ్చిన క్యాసెట్లన్నీ కావాలట.

"వారెంటు ఏది? కాయితం లేంది పెట్టె తెరువ," అంది సక్కుబాయి. ఆ మాట అమరనాథ్ దగ్గర విన్నదే.

జమేదారు జేబులోంచి కాగితం తీసి చేతికిచ్చాడు. "ఇగో, నీ దగ్గర్నే పెట్టుకో."

నీలం మొహరు చూసి ఆమె పెట్టె తెరిచింది.

పదహారు రోజులకు అమరనాథ్ బయటికొచ్చాడు.

"ఎట్లిచ్చినవ్ సక్కూ?"

"ఊకెనే ఇయ్యలే. వారెంటు అడిగిన. ఇగో, దాచిపెట్టిన."

అతను చదివాడు. చదివి కాగితం ఆమెకే తిరిగిచ్చాడు.

"ఇది దీపం లేని సైకిలుకు ఏసిన చలాను."

సక్కుబాయి చేతిలో కుంచె ఆగిపోయింది. "పోనీ... అండ్ల ఏం చెప్పినవో ఇప్పుడు చెప్పు."

"లాకప్పుల నా ముంగట్నే పెట్టిన్రు. మాటమాటకు ఆపి, నా లెక్క అనుకుంట నవ్విన్రు. మళ్ళ మళ్ళ పెట్టిన్రు."

"ఠాణంత విన్నది. నేనొక్కదాన్నే వినలే."

"సక్కూ, నువ్వు..." అన్నాడు.

గల్లీలో ఎవరో దేనికో పకపకా నవ్వారు. అతని ముఖం పాలిపోయింది.

"ఎవలు నవ్వినా నేను నవ్వ. చెప్పు."

"రేపు చెప్త," అని సైకిలెక్కాడు.

మర్నాడు అతని దుకాణానికి తాళం ఉంది. షోలాపూర్ పోయాడన్నారు. సక్కుబాయి మూడు వినాయకచవితులు ఆగింది. నాలుగో ఏడు ఇంట్లోవాళ్ళు తెచ్చిన సంబంధానికి తల ఊపింది.