మూడు రోజుల మందు

మధ్యాహ్నం 2.20. ఎమ్మిగనూరులో ఒక రేకుల ఇల్లు. దేవదాసు మంచం మీదే చనిపోయి ఉన్నాడు.

ఎముకల క్యాన్సర్. ఇంకా ఆరు నెలలు బతుకుతాడని డాక్టర్లు చెప్పారు.

పత్తి తీయడానికి పోయి వచ్చిన భార్య ఎస్తేరు మొదట చూసింది. తమ్ముడు చిన్నప్ప నేరుగా స్టేషన్‌కు వచ్చాడు.

"మా అన్నను సంపినారు మేడమ్. పొద్దున నర్సు వచ్చి ఏదో మందు ఏసిపోయింది."

ఎస్ఐ యశోద నర్సు అంజలిని పిలిపించింది.

"ఏం ఇచ్చావు?"

"నొప్పి ప్యాచ్ మేడమ్. భుజానికి అంటిస్తే మందు చర్మం గుండా మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది."

"ఎన్ని అంటించావు?"

"ఒకటే. ఆరున్నరకు. అదే మొదటిది."

పెట్టెలో ఐదుకు నాలుగు మిగిలాయి. ఆమె చెప్పింది నిజమే.

నెల తర్వాత ల్యాబ్ రిపోర్టు వచ్చింది. రక్తంలో ఆ మందే, ఉండాల్సినదానికి మూడింతలు.

యశోద ఫైల్లోంచి శవం ఫొటోలు మళ్ళీ బయటికి తీసింది. ప్యాచ్ చుట్టూ చర్మం ఎర్రబడి ఉంది. ప్యాచ్ జిగురు ఒంటికి పడలేదని అందరూ అనుకున్నారు. కానీ ప్యాచ్ అగ్గిపెట్టెంత, నాలుగు మూలలతో ఉంది. ఎరుపు అరచేయంత, గుండ్రం.

అంజలిని వెంటబెట్టుకుని ఆ ఇంటికే వెళ్ళింది. చిన్నప్ప కూడా అక్కడే ఉన్నాడు.

"ఎస్తేరమ్మా, ఆ రోజు భుజానికి కాపడం పెట్టినావా?"

"లేదు మేడమ్. వేడి తగలనీయొద్దని నర్సమ్మ సెప్పింది. నేను ఏడుకే పనికి పోయినాను."

చిన్నప్ప తల ఎత్తాడు. "నేను పెట్టినాను."

"ఎప్పుడు?"

"పన్నెండుకు. భుజం లాగుతాంది అన్నాడు. ఉప్పు వేయించి మూట కట్టి పెట్టినాను. గంటసేపు."

యశోద గొంతు తగ్గించింది. "ఆ వేడికి మందు ఒక్కసారిగా దిగింది చిన్నప్పా. ఊపిరి ఆగిపోయింది."

"నాకెవరూ సెప్పలేదే."

"మందు పెట్టెలోని చీటీలో ఉంది," అంది అంజలి. ఆగి, "అంతా ఇంగ్లీషులోనే," అంది.

"తొందరలో పోయినాను," ఎస్తేరు గోడకు ఆనుకుంది. "నీకు సెప్పి పోవాల్సింది నేను."

చిన్నప్ప ఆమె మాట విన్నట్టు లేడు.

"పది రోజులుగా కంటికి నిద్ర లేదు మేడమ్ మా అన్నకు. మూట పెట్టినాక గురక పెట్టినాడు. లేపకూడదని తలుపు దగ్గరికేసి పోయినాను."

అది నిద్రలో వచ్చే గురక కాదు. ఊపిరి అందక వచ్చే చప్పుడు. ఆ విషయం యశోదకు తెలుసు, అంజలికీ తెలుసు.

ఇద్దరిలో ఎవరూ ఆ మాట చెప్పలేకపోయారు.