దేవిక పెట్టిన ఆప్షన్లు

మౌస్ బాణం ఉన్నచోటే ఆగిపోయింది. దేవిక మౌస్‌ను టేబుల్ మీద రెండుసార్లు కొట్టింది.

"అప్లికేషన్ సగం నింపిన. గిదేంది, బిగుసుకపోయింది?"

మెదక్ బస్టాండ్ దగ్గరి ఆ ఇంటర్నెట్ సెంటర్ నగేష్‌ది. ముందురోజు జరిగిన తెలంగాణ ర్యాలీ వీడియోను అదే కంప్యూటర్‌లో సీడీకి మారుస్తున్నాడు. జల్ది కావాలని టాస్క్ మేనేజర్‌లో దాని ప్రయారిటీ రియల్‌టైమ్‌కు పెట్టానని చెప్పాడు.

"రియల్‌టైమా! మీరు చదివింది కంప్యూటర్సేనా?"

"బీఏ," అన్నాడు నగేష్.

కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసి, వీడియో పనిని మొదటినుంచి మొదలుపెట్టించి, దాని ప్రయారిటీని తనే బిలో నార్మల్‌కు దించింది.

"రియల్‌టైమ్ పెడితే ప్రాసెసర్ ముందుగాల దాని పనే చూస్తది. మౌస్ పని సుత ఎనకవడ్తది. ఇప్పుడు జూడుండ్రి, నాకు అవసరమున్నప్పుడు అది ఆగుతది. నేను ఆలోచించేటప్పుడు నడుస్తది."

"మీరు మస్తు ఆలోచిస్తరా?"

"మీ సీడీ అయితది గాని, పరేషాన్ గాకుండ్రి."

హవేలిఘనపూర్ ఊరి నుంచి వచ్చే దేవికకు ఆ నెలంతా ఏదో ఒక ప్రింటు పని పడుతూనే ఉంది. మెల్లగా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఎంసీఏ కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజున కరెంటు పోయింది. ఊరికి పోయే ఆటో నిండుతోంది. కాగితం మీద పాస్‌వర్డ్, కాలేజీల పేర్లు రాసిచ్చింది దేవిక. మొదటిది హైదరాబాద్‌ది, రెండోది మెదక్‌ది.

"కరెంటొచ్చినంక నువ్వే ఎక్కియ్యి. గిదే వరుస."

కరెంటొచ్చింది. మెదక్‌ను పైకి జరపడానికి ఒక్క క్లిక్ చాలు. నగేష్ జరిపాడు. కాసేపు చూశాడు. మళ్ళీ కిందికి దించి సేవ్ చేశాడు.

పది రోజులకు సీటొచ్చింది, హైదరాబాద్‌లోనే. ప్రింటు చేతికిస్తూ, ఆమె అడగకముందే చెప్పేశాడు.

"ఒక్క నిమిషం మెదక్‌ను మీదికి వెట్టిన, దేవికా."

"ఎందుకు?"

"నువ్వు ఈడనే ఉంటవని."

"మరెందుకు దించినవ్?"

"నువ్వు రాసింది గట్ల లేదు గదా."

దేవిక ప్రింటు మీది తన పేరునే చాలాసేపు చదివింది.

"సోమవారం జాయిన్ గావాలె. బాపుకు హైదరాబాద్‌ల తొవ్వలు తెల్వయి. నగేష్ తోల్కపోతడని చెప్పిన."

"ఏమన్నడు?"

"ఎవరే ఆ నగేష్, నీకేమైతడు, అన్నడు."

"నువ్వేం జెప్పినవ్?"

"ఇంకా చెప్పలే. బయటనే నిలవడ్డడు. ఇద్దరం గలిసి చెప్దాం, దా."

నగేష్ చొక్కా సర్దుకుంటూ లేచాడు. గడప దగ్గర దేవిక తండ్రి గాలయ్య చెప్పులు విడుస్తున్నాడు.