తోటబండి నడిపేదెవరు?

పొద్దున్నే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టిందో లేదో, వెనకనుంచి భర్త గొంతు వినిపించింది.

"ఇది విన్నావా? ఆ ఎర్రబండికి లాగే శక్తి ఎక్కువే కానీ ఎత్తు తక్కువట. అడుగున రాళ్లు తగుల్తాయి."

"నిన్న అదే బాగుందన్నారుగా?"

"నిన్న ఈ సంగతి చదవలేదు."

తోటావిడ గిన్నె దించి ఠపీమని బల్ల మీద పెట్టింది. ఊరంతా ఆమెని తోటావిడ అనే పిలుస్తారు. కొండవాలు మీది బేరిపళ్ల తోట మామగారు వేసిందే అయినా, కాపురానికి వచ్చిన నాటినుంచీ కొమ్మ కత్తిరించడం దగ్గర్నుంచి కాయ కోయడం దాకా ఆమే చూసుకుంటోంది. భర్త ఎలక్ట్రీషియన్. ఊళ్లో వైర్లూ స్విచ్చులూ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాడు. పై వరసలనుంచి పళ్లపెట్టెలు ఒంటిచక్రం తోపుడుబండిలో దించలేక ఆమె నడుం పడిపోతోందని, వాలు మీద తిరిగే నాలుగు చక్రాల ఏటీవీ బండి ఒకటి కొందామని పోయిన కోతలప్పుడు ఆయనే అన్నాడు. మళ్లీ కోతలొచ్చాయి. బండి మాత్రం ఇంకా ఆయన ఫోన్లోనే తిరుగుతోంది.

అగ్నికి ఆజ్యం పోసినట్టు మరిది ఒకడు. లారీ నడుపుతాడు కాబట్టి చక్రాలున్న ప్రతిదాని గురించీ తీర్పు చెప్పే హక్కు తనకుందనుకుంటాడు. ఆ రోజు అన్నకి పని లేదని తెలిసి టిఫిన్ వేళకే దిగబడ్డాడు.

"టైర్లు చూడు అన్నయ్యా, టైర్లు! తక్కినవన్నీ వేస్ట్."

"కారులాగా రెండు సీట్లుండే రకం ఉందన్నారుగా, దాని సంగతేంటి?" అంది తోటావిడ.

"అది వెడల్పు. మన చెట్ల మధ్య పట్టదు," అని భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండానే తేల్చేశాడు. "దారి పక్క చెట్లు నాన్న నాటినవి. వాటి జోలికి పోయేది లేదు."

ఆమె తోటలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం పెట్టెలతో దిగుతుంటే తోపుడుబండి రాయెక్కి పక్కకి ఒరిగింది. ఆపబోయింది, ఆగలేదు. పళ్లన్నీ వాలు వెంట దొర్లుకుంటూ పోయాయి. చితికినవి చితకగా మిగిలినవి ఏరుకుని, చెమటలు కక్కుతూ పెరట్లోకి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ నీడలో కూర్చుని డీజిలా పెట్రోలా అని వాదించుకుంటున్నారు.

పెట్టెని వాళ్ల కాళ్ల ముందు కుదేసింది.

"ఇవాళే షాపుకి పోదాం. కొంటే కొందాం. లేకపోతే బండి అన్న మాట ఈ ఇంట్లో మళ్లీ వినపడకూడదు."

ఆమె మొహం చూసి ఇద్దరూ లేచారు.

షాపులో మగవాళ్లిద్దరూ సరాసరి గుర్రమెక్కినట్టు కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చునే బండి దగ్గరికి పోయారు. ఒకడు టైరు నొక్కాడు, ఇంకొకడు వంగి అడుగుభాగం చూశాడు. బళ్లు చూపించే అమ్మాయి కాసేపు వాళ్ల ప్రశ్నలు విని అడిగింది.

"నడిపేదెవరండీ?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"మా వదినేలెండి," అని నవ్వాడు మరిది. "ఆవిడకేం తెలుస్తుంది, మేం చూస్తాంగా."

తోటావిడ అతన్ని పక్కకి జరిపి బండెక్కింది. హ్యాండిల్‌కి కుడివైపు చిన్న మీట ఉంది. బొటనవేలితో అది నొక్కి పట్టుకుంటేనే బండి కదులుతుందని ఆ అమ్మాయి చెప్పింది. తోటావిడ నొక్కింది. బండి ఓసారి ముందుకి దూకి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది.

"గట్టిగా నొక్కు," అన్నాడు భర్త.

"నొక్కుతున్నా."

"ఇంతేనా నీ బలం?"

సరదాకే అన్నాడు. ఆమె మాత్రం బండి దిగి, కుడిచెయ్యి ఆయన ముందు చాపింది. బొటనవేలి మొదట్లో కణుపు ఉబ్బిపోయి ఉంది.

"కొమ్మల కత్తెర నొక్కీ నొక్కీ ఇలా అయింది. సీసా మూత తియ్యాలన్నా పళ్లతో తీస్తున్నా. ఊళ్లో ఉన్న బళ్లన్నిటి చక్రాలూ కొలిచారు మీరు. ఈ చెయ్యి ఒక్కసారైనా చూశారా?"

మొహం తిప్పుకుంది. మరిది టైరు మీంచి చెయ్యి తీసేశాడు.

భర్త ఆ చేతిని పట్టుకుని చూశాడు. ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"వేలితో పని లేనిది ఏదమ్మా?"

"ఆ రెండు సీట్లదండీ. కారుకున్నట్టే కాలి పెడలుంటుంది. కాకపోతే కాస్త వెడల్పు."

"దారి పక్క చెట్లు తీసేస్తాం."

"మామగారు నాటినవి..." అంది ఆమె.

"నాన్నే ఉంటే ఈపాటికి వాటిని కొట్టేసేవాడు. ఆయనకి కోడలంటే ప్రాణం. మొండితనమంతా నాది."



బండి పంపమని చెప్పేసి బయటికొచ్చారు. మరిది ముందు నడుస్తున్నాడు. వెనక మొగుడూ పెళ్లాం.

"డాక్టరుకి చూపించావా?"

"మీకే చెప్పంది డాక్టరుకేం చెప్తాను?"

"ఎందుకు చెప్పలేదే?"

"ఎప్పుడు తలెత్తారని చెప్పను?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఫోన్ మోగింది. చూడకుండానే దాని నోరు నొక్కి జేబులో వేసుకున్నాడు.

"నొప్పి ఎప్పుడెక్కువగా ఉంటుంది?" అని అడిగాడు.

"పొద్దున్నే," అందామె. చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆపుకోలేకపోయింది. ఏడుస్తూనే, నడుస్తూనే మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నాడు.