తల నాదే, ఒళ్ళు నాది కాదు

ఉయ్యాలలో బిడ్డ లేడు. బొమ్మ ఉంది.

గురువారం మధ్యాహ్నం రెండు గంటల యాభై అయిదు నిమిషాలకు ఎస్సై జగదీశ్వరి ఆ బొమ్మను కాలు పట్టుకుని పైకి లేపింది. ప్లాస్టిక్ తల, ప్లాస్టిక్ కాళ్ళూ చేతులూ, మధ్యలో గుడ్డ ఒళ్ళు. బుగ్గలకు పూసిన గులాబీ రంగు ముక్కు మీదికి పాకింది. జుట్టు లేదు, నల్లరంగు పులిమి సరిపెట్టారు. పడుకోబెడితే ఒక కన్ను మూసుకుంటోంది, రెండోది ఇంటికప్పు కేసి గుడ్లప్పగించి చూస్తోంది. ఇలాంటి దాన్ని పసిపిల్లల చేతికిచ్చేవాళ్ళ మీద పెట్టడానికి సెక్షన్ ఏదీ లేకపోవడం ఆమెకు అన్యాయంగా తోచింది.

"ఛీ" అని ఆ బరువు బొమ్మను చంకన పెట్టుకుంది.

పోయింది ఇరవై రెండు రోజుల మగబిడ్డ. తండ్రి శివాజీ, తల్లి అనూరాధ. ఊరు ఎచ్చెర్ల మండలంలో సముద్రపు ఒడ్డునున్న పాలెం. 2018 మే నెల. వేట నిషేధం రోజులు కావడంతో పడవలు ఇసుకలో ఉన్నాయి, మగాళ్ళంతా ఊళ్ళో ఉన్నారు. పని లేదు, చేతిలో ఫోన్లున్నాయి.

ఆ ఫోన్లలోనే వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట, సామాన్లమ్మే ఆడవాళ్ళ వేషంలో తిరుగుతోందట. జగదీశ్వరికి దాన్ని పంపినవాడు ఆమె సొంత బావగారు, కాలేజీ లెక్చరర్. చదువుకున్న మూర్ఖులూ, చదువులేని మూర్ఖులూ ఒక్కమాట మీద నిలబడటం ఆమె సర్వీసులో ఇదే మొదటిసారి.

దాని ఫలితం కమ్యూనిటీ హాలు స్తంభానికి కట్టేసి ఉంది.

ఆవిడ పేరు నీలవేణి. నలభై దాటి ఉంటుంది. ఊరూరా తిరిగి బొమ్మలమ్ముకుంటుంది. పెదవి చిట్లింది, ఎడమ కన్ను వాచింది. ఆమె గంపలోని బొమ్మలు ఇసుకలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చుట్టూ రెండు వందల మంది. జగదీశ్వరి దగ్గరున్నది ఇద్దరు కానిస్టేబుళ్ళు. శ్రీకాకుళం నుంచి ఫోర్స్ రావడానికి ఇంకో గంట.

"కట్లు విప్పండి" అంది.

"నా గుంటడు దొరికినదాకా ఇప్పేది నేదు మేడమ్" అన్నాడు శివాజీ. చేతిలో తెడ్డు ఉంది. "అరగంట సూస్తాం. దీని నోటంట మాట రాకపోతే మా పని మాకు తెలుసు."

గుంపు హోరెత్తింది. హోరెత్తడానికి బుర్ర అక్కర్లేదు మరి.

ఒక కానిస్టేబుల్‌ని స్తంభం ముందు నిలబెట్టి జగదీశ్వరి ఇంటి వైపు నడిచింది. రెండో కానిస్టేబుల్ హరిబాబు పక్కనే వస్తూ గొంతు తగ్గించాడు.

"కేసు తేలిపోయినట్టే మేడమ్. ఆవిడ బొమ్మలమ్ముతాది. ఉయ్యాల్లో దొరికింది బొమ్మ. ఇంకేటి కావాలి?"

"బ్యాంకు దోచినవాడు వెళ్తూ వెళ్తూ తన ఆధార్ కార్డు కౌంటరు మీద పెట్టిపోతాడా హరిబాబూ?"

హరిబాబు ఆలోచనలో పడ్డాడు. అతనికది కొత్త వ్యాయామం.

ఇంట్లో చీర ఉయ్యాల దూలానికి వేలాడుతోంది. కింద కూర్చుని అనూరాధ ఏడుస్తోంది. ఆమె జాకెట్టు పాలతో తడిసిపోయింది. జగదీశ్వరి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చివర పాలిచ్చింది ఎప్పుడు?"

"పదకొండున్నరకమ్మా."

"తర్వాత?"

"అన్నం తిని పడుకున్నాను. మా అత్త ఉయ్యాల ఊపుతన్నాది."

"నువ్వు చూశావా?"

"కొక్కెం కిర్రుమంటాది గదమ్మా. మజ్జలో ఒకపాలి మెలకువొచ్చింది. ఒంటిగంటన్నర అయుంటాది. సప్పుడొస్తన్నాది, సీర బరువుగా ఊగుతన్నాది. ఉన్నాడు గదాని మల్లీ కళ్ళు మూసీసినాను."

"లేచింది ఎప్పుడు?"

"రెండుంపావుకి. పాలు సేపుకొచ్చి నొప్పెట్టీసింది. బుడ్డోణ్ణి తీద్దామని సెయ్యెడితే..." 

"బిడ్డకు ఒంట్లో బాగుండేదా?"

"కామెర్లన్నారు. నిన్న సికాకుళం అట్టుకెల్లాం. డాక్టరు తూకం సూసి, మందిచ్చి, ఎల్లుండి మల్లీ తెమ్మన్నాడు. తగ్గిపోతాదన్నాడు."

"ఏటి తగ్గేది!" గుమ్మం దగ్గర నుంచి అత్తగారు గురమ్మ అందుకుంది. "పసుపుముద్దలాగున్నాడు. ఆ డాక్టరుకేటి తెలుస్తాది?"

జగదీశ్వరి ఆవిడ వైపు తిరిగింది.

"నువ్వెక్కడున్నావు?"

"పన్నెండుకి ఎండుసేపల గంపెత్తుకుని ఎల్లాను. ఒంటిగంటకొచ్చీసినాను. అప్పుట్నుంచీ ఊపుతానే ఉన్నాను."

"బిడ్డను చూశావా?"

"సూసినాను. పడుకున్నాడు. రెండింటికి పెరట్లోకెల్లాను, పది నిమిషాలు. అప్పుడే ఆ బొమ్మల్ది కేకేసుకుంటా సందులోకొచ్చింది."

"ఇంట్లోకి రావడం చూశావా?"

"సూడనేదు."

"ఊరందరికీ ఏం చెప్పావు?"

గురమ్మ తల దించుకుంది. "అదే వచ్చుంటాదని సెప్పినాను."

వచ్చి ఉంటుంది! ఆ ఒక్క ముక్క పట్టుకుని రెండు వందల మంది ఒక ఆడదాన్ని చావగొట్టారు.

మూడు గంటల పన్నెండు నిమిషాలకు జగదీశ్వరి స్తంభం దగ్గరికి వచ్చి బొమ్మను చూపించింది.

"ఇది నీ సరుకేనా?"

నీలవేణి వాచిన కంటితోనే బొమ్మను ఎగాదిగా చూసింది.

"సేతికియ్యమ్మా. సూడకుండా ఎలా సెప్తాను?"

జగదీశ్వరి ముడి విప్పబోయింది. గుంపు మీదికొచ్చింది.

"ఏం? పారిపోతుందా?" గొంతు పెంచింది. "రెండొందల మంది మొగాళ్ళు ఒక్క ఆడదాన్ని పట్టుకోలేరా? చాలకపోతే పక్క పాలెం నుంచి కూడా పిలవండి, నేనాగుతాను."

ఎవరూ కదల్లేదు. కట్లు ఊడాయి.

నీలవేణి బొమ్మను అందుకుంది. అరచేతిలో ఎత్తి చూసింది. పొట్ట నొక్కింది. వీపు తిప్పి కుట్టు వెంట గోరు పెట్టి గీసింది. చచ్చేటన్ని దెబ్బలు తిన్న మనిషి, బజారులో బేరం చూస్తున్నంత నింపాదిగా చూసింది.

"తల నాదే. ఒళ్ళు నాది కాదు."

"అంటే?"

"నా బొమ్మకింత బరువుండదు. గాలేస్తే ఎగిరిపోతాది. నూటిరవై రూపాయలకి మంచి దూదెవుడు కూరతాడు? మిల్లు తుక్కు, స్పాంజి ముక్కలు. పొట్ట పిసికితే ఇటేలు అటేలికి తగలాల." ఇసుకలోంచి తన బొమ్మనొకదాన్ని తీసి పిసికి చూపించింది. వేళ్ళు తగిలాయి. "సూడు. నెల తిరక్కుండా కుట్టూడిపోతాది. కన్ను ముందే పోతాది. కొన్నోళ్ళు నన్ను తిట్టుకుంటారు, తెలుసు. ఇదెవరో ఇప్పి, ఏటో కూరి, నైలాను దారంతో మల్లీ కుట్టినారు. ఇంత మంచి కుట్టు నా సరుక్కుండదమ్మా."

తన సరుకును ఇంత నిజాయితీగా ఛీకొట్టే వ్యాపారిని జగదీశ్వరి ఎన్నడూ చూడలేదు. ఆ పాలెంలో కాలు పెట్టాక ఆమెకు గౌరవం కలిగిన మొదటి మనిషి ఈవిడే.

"ఈ తల ఎవరికమ్మావు?"

"ఎచ్చెర్ల సంతలో రోజుకి ఇరవై అమ్ముతాను. మొహాలెవరికి గుర్తుంటాయి?"

మూడు గంటల ఇరవై. శివాజీనీ, అనూరాధనూ, గురమ్మనూ జగదీశ్వరి హాలు మెట్ల దగ్గరికి పిలిపించింది. హరిబాబుతో చేపల కాటా తెప్పించింది. బ్లేడుతో బొమ్మ వీపు కోసింది.

బూడిదరంగు గుళ్ళు జలజలా మెట్ల మీద రాలాయి. సీసం.

శివాజీ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఇవి వలకి కట్టే గుళ్ళు గదా."

"ఎవరి వలవి?"

అతను గుండును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. నొక్కులు చూడగానే మొహం మారిపోయింది. "మాయే. నాను పళ్ళతో నొక్కి కట్టినవి."

"తూకం వెయ్యి హరిబాబూ."

"రెండు కిలోల ఎనిమిదొందలు మేడమ్."

"అనూరాధా, నిన్న డాక్టరు చీటీలో బిడ్డ తూకమెంత?"

"రెండు... ఎనిమిదొందలే రాసినారమ్మా."



"ఇప్పుడు అందరూ వినండి. వినడం మీకు అలవాటు లేదు, అయినా ప్రయత్నించండి" అంది జగదీశ్వరి. "పిల్లాణ్ణి ఎత్తుకుపోయేవాళ్ళు ఎత్తుకుని పరిగెడతారు. వాళ్ళకు బొమ్మతో పనేంటి? సరే, మీ మాటే నిజమనుకుందాం. మోసం చెయ్యడానికి పెట్టారు. ఆ బొమ్మకు బరువు దేనికి? తూకం సరిచూసి, సీసం కూరి, కుట్టి మరీ పెట్టాల్సిన అవసరం ఎవరికుంది?"

కోసిన బొమ్మను ఆమె మెట్టు మీద పెట్టింది.

"చీర ఉయ్యాలలో తేలిక బొమ్మ పడేస్తే చీర కిందికి దిగదు. కొక్కెం కిర్రుమనదు. గదిలో పడుకున్న తల్లికి వెంటనే అనుమానం వస్తుంది. కాబట్టి బరువు కావలసింది ఎత్తుకుపోయినవాళ్ళకు కాదు. ఇంట్లోనే కూర్చుని ఉయ్యాల ఊపాల్సినవాళ్ళకు. ఒంటిగంట నుంచి ఊపింది ఎవరు?"

శివాజీ చేతిలోని తెడ్డు కిందికి దిగింది. "అమ్మా?"



"సంతలో కొన్న ఈ బొమ్మ ఈవేళ కుట్టింది కాదు" అంది జగదీశ్వరి. "తూకం నిన్న తెలిసింది, రాత్రికి కుట్టావు. పన్నెండింటికి ఎండుచేపల గంపలో మనవణ్ణి పెట్టుకుని వెళ్ళావు. డాక్టరుకేం తెలుసన్నావే, మరి తెలిసినవాడెవడు? బిడ్డ ఎక్కడ?"

"కామెర్లకి సురకలేయిద్దామని..." అంది గురమ్మ. "అసిరయ్య కాడ. సరుగుడు తోటలో. ఎండ వాలినాకే ఏస్తాడు. నాలుగ్గంటలకి. అయ్యాక తెచ్చీసి ఉయ్యాల్లో ఎట్టీద్దామనుకున్నాను."

"వొద్దని నీ కాళ్ళట్టుకున్నాను గదత్తా!" అనూరాధ అరిచిన అరుపుకు ముందు వరసలోని వాళ్ళు వెనక్కి తగ్గారు.

టైము మూడు ముప్పై మూడు.

జీపు ఇసుకలో రెండుసార్లు దిగబడింది. జగదీశ్వరి, అనూరాధ, హరిబాబు తోటలోకి పరిగెత్తేసరికి మూడు యాభై రెండు. తాటాకు పాక ముందు నిప్పుల కుంపటిలో ఇనుప చువ్వ ఎర్రగా కాలి ఉంది. చాప మీద బిడ్డ. బొడ్డు చుట్టూ వాత పెట్టాల్సిన చోట పసుపుతో మూడు గీతలు. బిడ్డ ఏడుస్తున్నాడు, ఒంటి మీద దెబ్బ లేదు.

అనూరాధ బిడ్డను గుండెకదుముకుంది.

"నా సేతి మీద వందమంది బతికినారు" అన్నాడు అసిరయ్య గర్వంగా.

"చచ్చినవాళ్ళ పేర్లు కూడా చెబుదువుగాని, స్టేషన్‌కి పద" అంది జగదీశ్వరి.

నాలుగూ పదిహేనుకు తిరిగొచ్చేసరికి గుంపు సగానికి సగం మాయమైంది. బిడ్డ దొరికాడని సంబరపడటానికి మిగిలినవాళ్ళు మిగిలారు. వాళ్ళ మొహాల్లో సిగ్గు వెతికి జగదీశ్వరి విసిగిపోయింది.

ఆమె నోట్‌బుక్ తెరిచి నీలవేణి పక్కన మెట్టు మీద కూర్చుంది. "కొట్టినవాళ్ళ పేర్లు చెప్పు."

"ఈ ఊరోళ్ళు నాకేటి తెలుసమ్మా?"

"గురమ్మా, మీ గుమ్మంలోంచి హాలు కనిపిస్తుంది. నువ్వు చూశావు. చెప్పు."

"నాను సూడనేదు" అంది గురమ్మ. శివాజీ నేల చూపులు చూస్తున్నాడు.

నీలవేణి లేచి చీర కుచ్చిళ్ళ ఇసుక దులుపుకుంది.

"ఒగ్గీండమ్మా. ఆవిణ్ణి అడక్కండి." గురమ్మ వైపు తిరిగింది. "నాకూ ఒక గుంటడుండేవోడు. ఇలాగే పచ్చబడ్డాడు. నువ్వు దాసి అట్టుకెల్లావు, నాను అందరికీ సెప్పే అట్టుకెల్లాను. ఏసినోడు మంచి పేరున్నోడే. పుండు పడింది. తొమ్మిదో రోజున పోనాడు."

గురమ్మ మెట్టు మీద కూలబడింది.  హాలు లోపల అనూరాధ బిడ్డకు పాలిస్తోంది. బిడ్డ గుటకలు బయటికి వినిపిస్తున్నాయి.

"రాసుకోండి మేడమ్" అంది గురమ్మ చివరికి. "మొదట సెయ్యెత్తినోడు శివాజీ. నా కొడుకు. తర్వాతోళ్ళని కూడా సెప్తాను."